వాల్తేరు లెక్క, ఇరవై బంగారు పరమాణువులు

కిందటి సంచికలో విశాఖ రేవు తవ్వకం పూర్తయి, 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ లోపలికి రావడం దాకా చెప్పుకున్నాం. మధ్యపరగణాల నుంచి రైళ్లలో వచ్చే మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి కట్టిన రేవది. అక్కడ ఖనిజం గుట్టలుగా పడుతున్న రోజుల్లోనే వాల్తేరు మెరక మీద కొందరు ఒక లెక్కలో మునిగి ఉన్నారు. ఒక పదార్థంలో పరమాణువులు ఫలానా ఆకారంలో అమరి ఉంటే అవి ఎన్ని రకాలుగా కంపిస్తాయి, ఆ కంపనాల్లో ఎన్ని మన పరికరాలకు దొరుకుతాయి అన్నది ప్రయోగానికి ముందే కాగితం మీద తేల్చే లెక్క. విశాఖ చరిత్ర చెప్పేవాళ్లు రేవును, షిప్‌యార్డును, ఉక్కును తలుచుకుంటారు గానీ ఈ లెక్కను తలుచుకోరు. లోహాలతో బతికే ఊళ్లోనే, లోహపు పరమాణువుల అమరికను తేల్చడానికి పనికొచ్చే పనిముట్టు ఒకటి పదునెక్కిందంటే అది చిన్న సంగతి కాదు. ఈ భాగం మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు చేరింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ దాతృత్వంతో అక్కడ సైన్సు కళాశాల వెలిసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న ఆ కాలంలో, 1932లో, సూరి భగవంతం భౌతికశాస్త్ర శాఖలో చేరారు. 1909 అక్టోబరు 14న పుట్టారు కాబట్టి అప్పటికి ఆయనకు ఇరవై రెండో ఇరవై మూడో. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మనిషి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివారు. రామన్ ఎఫెక్టు బయటపడ్డ 1928లోనే కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర పనిలో చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణానికి ఆత్మభ్రమణం ఉందని ప్రయోగంతో చూపిన పత్రం వెలువరించారు. కలకత్తా నుంచి వాల్తేరుకు ఆయన మోసుకొచ్చిన ఆస్తి ఆ అనుభవమే.

రామన్ వర్ణపటంలో ఏముంటుంది? ఒకే రంగు కాంతిని పదార్థం మీద పడేస్తే, చెదిరి వచ్చే కాంతిలో కొంత రంగు మారి వస్తుంది. లోపలి పరమాణువుల కంపనానికి ఇచ్చిందో, దాని నుంచి పుచ్చుకున్నదో ఎంత శక్తయితే, మార్పు అంత. ఫొటో ప్లేటు మీద ఒక్కో గీత ఒక్కో కంపనానికి గుర్తు. ప్లేటు మీద గీతలు కనబడగానే రెండు ప్రశ్నలు పుడతాయి. అసలు ఎన్ని గీతలు రావాలి? వచ్చిన గీతలను బట్టి లోపలి ఆకారం చెప్పగలమా?

నాలుగు పరమాణువుల గుంపును తీసుకుందాం. ఒక్కో పరమాణువు మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం 12 కదలికలు. గుంపు మొత్తంగా జరగడానికి 3, మొత్తంగా తిరగడానికి 3 తీసేస్తే మిగిలే కంపనాలు 6. నాలుగూ ఒకే గీత మీద లేనంతవరకూ ఏ ఆకారానికైనా ఇది ఒకటే. నాలుగూ చతుర్ముఖి మూలల్లో ఉంటే మాత్రం ఆ ఆరు కంపనాలు కలిసిపోయి మూడే పౌనఃపున్యాలు మిగులుతాయి: ఒకటి ఒంటరిది, ఒకటి జంట, ఒకటి మూడు కలిసినది. చదరం మూలల్లో ఉంటే ఐదు. రాంబస్ అయితే ఆరుకు ఆరూ వేరువేరు. తెల్ల భాస్వరంలో నాలుగు పరమాణువుల అణువుంటుంది, దాని రామన్ వర్ణపటంలో కనబడేవి మూడు గీతలే. చతుర్ముఖికి రావలసినవీ సరిగ్గా మూడే. పరమాణువుల మధ్య బలమెంతో, దూరమెంతో ఏమీ తెలియనక్కర్లేదు. సౌష్ఠవం ఒక్కటి తెలిస్తే చాలు.

దీని వెనకున్న గణితం సమూహ సిద్ధాంతం. ఒక వస్తువును ఎన్ని విధాలుగా తిప్పినా, అద్దంలో చూపినా, రూపు మారకుండా ఉంటుందో ఆ చర్యలన్నీ కలిపితే ఒక సమూహం. 1929లో హాన్స్ బేతే, 1930లో యూజీన్ విగ్నర్, 1934లో బ్రైట్ విల్సన్ దీన్ని పరమాణువులకు, అణువులకు అన్వయించారు. అంటే ఈ పునాది యూరపులో, అమెరికాలో పడింది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, పునాది మనది కాదు. వాల్తేరు వాళ్లు చేసింది తర్వాతి మెట్టు. అణువుల్లో పరమాణువులు పదో ఇరవయ్యో ఉంటాయి. స్ఫటికంలో అవి అంతులేనన్ని. అక్కడ లెక్కించడం ఎలా? భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో దీనికి దారి చూపారు. స్ఫటికమంతటా మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న గడి ఒకటుంటుంది కదా, ఆ గడిలోని పరమాణువులను మాత్రమే పట్టుకుని, స్ఫటిక సౌష్ఠవ చర్యల్లో ఏవేవి కదలకుండా ఉంటాయో లెక్కపెడితే, రామన్ గీతలెన్నో, పరారుణ కాంతిని మింగే కంపనాలెన్నో తేలిపోతాయి. వర్ణపట శాస్త్రంలో ఈ పద్ధతి ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లతోనే నడుస్తోంది.

యుద్ధం వచ్చి పడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన వాల్తేరు నుంచే 1948లో విశ్వవిద్యాలయ ప్రచురణగా భగవంతం, వెంకటరాయుడుల పుస్తకం ‘థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్’ వెలువడింది. 1951లో రెండో కూర్పు వచ్చింది. తర్వాత 1969లో న్యూయార్కు అకడమిక్ ప్రెస్ వాళ్లు వేశారు. గణితం తెలియని భౌతికశాస్త్ర విద్యార్థిని చెయ్యి పట్టుకుని నడిపించే పుస్తకమది. భగవంతం వాల్తేరు విడిచి ఉస్మానియాకు, అక్కడ ఉపాధ్యక్షులై, 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా వెళ్లినా వాల్తేరులో వర్ణపటాల పని ఆగలేదు. లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేసి వచ్చిన కె. రంగధామరావు అక్కడ లోహాల పరమాణు వర్ణపటాల అధ్యయనాన్ని ఒక బడిగా నిలబెట్టారు. ఆయన మీద విడిగా ఒక భాగమే రాయాలి.

ఇప్పుడు కాలంలో ముందుకు దూకుదాం.

విశాఖ ఉక్కు కర్మాగారంలో పోత పోసిన దిమ్మెనొకదాన్ని వాల్తేరు లెక్కకు అప్పగిస్తే ఏం చెబుతుంది? గది వేడిమిలో ఇనుము స్ఫటికపు అతి చిన్న గడిలో ఉండేది ఒక్క పరమాణువు. దాని మూడు కదలికలూ మొత్తంగా జరగడానికే సరిపోతాయి. మిగిలేది సున్నా. అంటే శుద్ధమైన ఇనుము మామూలు రామన్ వర్ణపటంలో ఒక్క గీత కూడా ఇవ్వదు. బంగారమూ అంతే, రాగీ అంతే, వెండీ అంతే. సౌష్ఠవం అంత సంపూర్ణంగా ఉన్నచోట లోపలి అమరిక గురించి ఈ దారిన ఒక్క ముక్క తెలియదు. అయితే ఆ లోహాన్నే తరిగి తరిగి పదో ఇరవయ్యో పరమాణువుల గుచ్ఛం దాకా తెస్తే? అప్పుడది మాట్లాడటం మొదలుపెడుతుంది.

లోహ గుచ్ఛాల అధ్యయనం 1984లో కొత్త మలుపు తిరిగింది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో వాల్టర్ నైట్ బృందం సోడియం ఆవిరిని సన్నని రంధ్రం గుండా చిమ్మి, చల్లబడి ముద్దకట్టిన గుచ్ఛాలను బరువుల వారీగా వేరుచేసింది. అన్ని పరిమాణాలవీ సమానంగా దొరకలేదు. 8, 20, 40, 58, 92 పరమాణువులవి మిగతావాటికన్నా ఎక్కువగా వచ్చాయి. సోడియం పరమాణువు ఒక్కోటీ ఒక ఎలక్ట్రాన్‌ను ఉమ్మడిలో వేస్తుంది. ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లు గుండ్రని ముద్దలో వరసలు వరసలుగా నిండుతాయనుకుంటే, ఒక వరస నిండినప్పుడల్లా వచ్చే అంకెలు సరిగ్గా ఇవే. పరమాణువుల అమరికను పూర్తిగా పక్కన పెట్టినా స్థిరత్వం అర్థమైంది. కానీ ఆకారం? ఆ ప్రశ్న అలాగే మిగిలింది.

ఆకారం కనుక్కోవడం కంప్యూటరు పని అయింది. పని చెప్పుకోవడానికి తేలిక: పరమాణువులను ఏదో ఒక చోట ఉంచు, మొత్తం శక్తి లెక్కించు, తగ్గే దిశగా జరుపు, ఇక తగ్గనప్పుడు ఆగు. అక్కడ ఆగినది ఒక ఆకారం. చిక్కల్లా ఇలా ఆగే చోట్లు బోలెడుండటమే. సరళమైన ఆకర్షణ వికర్షణలు మాత్రమే ఉన్న 13 పరమాణువుల గుంపుకే అలాంటివి సుమారు 1500. పరమాణువులు పెరిగేకొద్దీ ఆ సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. వాటన్నిటిలో అతి తక్కువ శక్తి గలది ఏది? డేవిడ్ వేల్స్, జొనథన్ డోయ్ 1997లో ఒక పద్ధతిని స్థిరపరిచారు. ఆగిన ఆకారాన్ని ఇష్టమొచ్చినట్టు కుదిపి, మళ్లీ శక్తి తగ్గేదాకా జరిపి, కొత్తది పాతదానికన్నా మెరుగైతే దాన్ని పట్టుకోవడం, కొంచెం నాసి అయినా ఒక్కోసారి ఒప్పుకోవడం. ఇదే పనిని వేలసార్లు చెయ్యాలి. ఇలా దొరికిన ఆకారాలు పరమాణువుల మధ్య బలాలను మనం ఎలా అనుకున్నామన్న దాని మీద ఆధారపడతాయి. అనుకోలు మారితే గెలిచే ఆకారం మారుతుంది. ఎంత పెద్ద కంప్యూటరైనా ఈ సందేహాన్ని దానంతటది తీర్చలేదు.

సోడియం నాలుగు పరమాణువుల గుచ్ఛాన్నే చూడండి. నాలుగు గోళాలు దగ్గరగా చేరితే చతుర్ముఖి అవ్వాలి, ఎవరైనా అదే ఊహిస్తారు. 1980ల్లో బెర్లిన్‌లో వ్లాస్తా బొనాచిచ్-కౌటెట్స్కీ, యారోస్లావ్ కౌటెట్స్కీ బృందం క్వాంటం లెక్కలు చేస్తే వచ్చింది బల్లపరుపు రాంబస్. కారణం సౌష్ఠవంలోనే ఉంది. చతుర్ముఖిలో ఉమ్మడి ఎలక్ట్రాన్లు నాలుగు. రెండు కింది స్థాయిలో పోగా మిగతా రెండూ ఒకే శక్తి గల మూడు గదుల్లో సర్దుకోవాలి. అలా అరకొరగా నిండిన చోట గుంపు తన సౌష్ఠవాన్ని తానే చెడగొట్టుకుని శక్తి తగ్గించుకుంటుందని హెర్మన్ యాన్, ఎడ్వర్డ్ టెల్లర్ 1937లో నిరూపించారు. వాళ్లు ఒక్కో సౌష్ఠవ సమూహాన్నీ వరసగా తీసుకుని పరిశీలించి ఆ ఫలితం తేల్చారు. వాల్తేరులో లెక్క సాగుతున్న ఏళ్లూ అవే.

బంగారం సంగతి ఇంకా విచిత్రం. దాని కేంద్రకంలో 79 ప్రోటాన్లు. లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సగానికి మించుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్షత లెక్కలోకి రాకపోతే బంగారం రంగే సరిగా రాదు. ఆ ప్రభావం వల్లే చిన్న బంగారు గుచ్ఛాలు ముద్దగా కాకుండా చదునుగా పరుచుకుంటాయి. మరి ఇరవై పరమాణువులయితే? 2003లో జున్ లీ, లై-షెంగ్ వాంగ్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో చూపింది నిండైన చతుర్ముఖి. సంతలో బత్తాయిలు పేర్చినట్టు అడుగు వరస పది, దాని మీద ఆరు, ఆపైన మూడు, కొసన ఒకటి. పెద్ద బంగారు స్ఫటికం నుంచి కోసి తీసిన ముక్కలా ఉంటుంది. నిండిన స్థాయికీ ఖాళీ స్థాయికీ మధ్య ఎడం 1.77 ఎలక్ట్రాన్ వోల్టులు, అరవై కార్బన్ల బంతి కన్నా ఎక్కువ. బంగారం పరమాణువు కూడా ఒక్కో ఎలక్ట్రానే ఉమ్మడిలో వేస్తుంది. బర్కిలీ జాబితాలో 20 ఉన్న సంగతి గుర్తుంది కదా.

ఈ ఆకారాన్ని వాల్తేరు లెక్కకు అప్పగిద్దాం. పెన్సిలు పట్టుకుంటే ఐదు నిమిషాల పని. ఇరవైలో 4 శిఖరాల మీదివి, 12 అంచుల మీదివి, 4 ముఖాల మధ్యవి. చతుర్ముఖి సౌష్ఠవ చర్యలు 24. ఒక్కో చర్యకూ చోటు మారని పరమాణువులెన్నో చూడాలి. ఏమీ చెయ్యకపోవడమూ ఒక చర్యే: ఇరవైకి ఇరవై కదలవు, ఒక్కోదానికి 3 చొప్పున 60. 120 డిగ్రీలు తిప్పేవి ఎనిమిది: అక్షం మీద ఒక శిఖరం, ఎదుటి ముఖం మధ్యది ఒకటి కదలకుండా ఉంటాయి గానీ ఆ తిప్పుడుకు ఒక్కోదాని విలువ సున్నా. 180 డిగ్రీలు తిప్పేవి మూడు: అక్షం అంచుకు సరిగ్గా నడిమిగా పోతుంది, అంచుకు నాలుగు పరమాణువులు కాబట్టి నడిమిన ఎవరూ లేరు, సున్నా. పావు చుట్టు తిప్పి అద్దంలో చూపేవి ఆరు, అక్కడా సున్నా. ఇక అద్దాలు ఆరు. ఒక్కో అద్దం తలంలో ఒక అంచు మీది నాలుగు, రెండు ముఖాల మధ్యవి రెండు, మొత్తం 6 కదలవు. పరారుణ కాంతిని మింగగల, మూడు కలిసిన కంపనాల కోసం మొదటి చర్యకు 3 రెట్లు, అద్దాలకు 1 రెట్టు విలువ కడతారు. 3 సార్లు 60 అంటే 180, ఆరు అద్దాలకు 36, మొత్తం 216. దాన్ని 24తో భాగిస్తే 9. గుచ్ఛం మొత్తంగా జరగడానికి ఒకటి పోగా 8.

మొత్తం 54 కంపనాలు ఉన్న గుచ్ఛం పరారుణ వర్ణపటంలో ఎనిమిది చోట్లకు మించి కనబడకూడదు. కంప్యూటరు ముట్టుకోకుండా తేలిన మాట ఇది. ఆ ఎనిమిదిలో ఏది ఎక్కడ, ఎంత గట్టిగా అన్నది చెప్పడానికే క్వాంటం లెక్కలు కావాలి.

2008లో బెర్లిన్ ఫ్రిట్జ్ హాబర్ సంస్థకు చెందిన ఫిలిప్ గ్రూనె, ఆండ్రే ఫీలికె తదితరులు దీన్ని ప్రయోగంలో చూశారు. ఒంటరిగా గాలిలేని గొట్టంలో ఎగిరే గుచ్ఛం మీద కాంతి మింగుడును నేరుగా కొలవడం అసాధ్యం, అవి అంత కొద్దిగా ఉంటాయి. అందుకని చల్లని గుచ్ఛానికి క్రిప్టాన్ పరమాణువును అంటించి పంపారు. నెదర్లాండ్స్‌లోని ఫెలిక్స్ అనే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ నుంచి పరారుణ కాంతిని రంగు మార్చుకుంటూ వేశారు. గుచ్ఛం కంపనానికి సరిపోయే రంగు తగిలినప్పుడు అది వేడెక్కి క్రిప్టాన్ ఊడిపోతుంది. క్రిప్టాన్‌తో ఉన్నవాటి సంఖ్య ఏ రంగు దగ్గర పడిపోయిందో చూస్తే అదే వర్ణపటం. ఇరవై బంగారు పరమాణువులకు సెంటీమీటరుకు 148 అలల దగ్గర ఒక ప్రధానమైన గీత నిలిచింది. చతుర్ముఖికి వేసిన లెక్కతో సరిపోయింది.

ఆ పత్రంలో నన్ను కట్టిపడేసింది 19 పరమాణువుల గుచ్ఛం. ఒక శిఖరం ఊడిన చతుర్ముఖి అది. 24 చర్యల్లో ఆరే మిగులుతాయి. మూడు కలిసి ఉన్న కంపనం ఒకటిగా, జంటగా విడిపోవాలని సౌష్ఠవం చెబుతుంది. పరారుణంలో కనబడగల పౌనఃపున్యాలు 8 నుంచి 28కి ఎగబాకాలి. ప్రయోగంలో ఆ ఒక్క ప్రధాన గీత నిజంగానే రెండుగా చీలింది. ఒక్క పరమాణువు పోతే వర్ణపటం ఎలా మారుతుందో ముందే చెప్పి, అలాగే చూడగలిగారు. కంప్యూటరు ముందుపెట్టిన ఆకారాల కుప్పలోంచి ఒకదాన్ని ఏరడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

బెర్లిన్ వాళ్లు వాల్తేరు పుస్తకం తెరిచారని నేననడం లేదు. అప్పటికి ఈ లెక్క శాస్త్రానికంతటికీ ఉమ్మడి సొత్తు. విడి గుచ్ఛానికి వాడేది విగ్నర్, విల్సన్‌ల దారి, స్ఫటికానికి వాడేది భగవంతం, వెంకటరాయుడుల దారి. రెండింటి మధ్య తేడా గీత ఎక్కడుందో తెలియాలంటే మాత్రం రెండూ రావాలి. లోహం ముద్దగా ఉన్నప్పుడు సున్నా, ఇరవై అయినప్పుడు ఎనిమిది, పందొమ్మిదైతే ఇరవై ఎనిమిది అన్న ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఆ రెండు దార్లూ నడిచినవాళ్లే.

తెలుగునేల మీద ఇలాంటి లెక్కే మరొకటి పుట్టింది, ఈసారి హైదరాబాదు గచ్చిబౌలిలో. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇ.డి. జెమ్మిస్ 2001లో సహచరులతో కలిసి బోరాన్ గుచ్ఛాలకు ఒక నియమం ప్రకటించారు. బోరాన్ లోహం కాదు, నిజమే. కానీ ఆ నియమం బోరాన్‌తో లోహాలు కలిసిన గుచ్ఛాలకూ వర్తిస్తుంది. అతుక్కుని ఉన్న బహుముఖులెన్ని, మూలలెన్ని, ఒకే మూల దగ్గర కలిసిన చోట్లెన్ని అని కూడితే ఆ ఆకారం నిలబడటానికి కావలసిన ఎలక్ట్రాన్ జతల సంఖ్య వస్తుంది. ఇక్కడా ముందు లెక్కపెట్టడం, తర్వాతే కంప్యూటరు.

ఈ రోజున గుచ్ఛాల మీద పరిశోధన చేసే కుర్రవాడు ఆకారాన్ని కంప్యూటరుకిస్తే సౌష్ఠవాన్ని అదే పసిగట్టి కంపనాలకు పేర్లు పెట్టేస్తుంది. మంచి సౌకర్యమే. కానీ ఆకారం కొద్దిగా వంకరగా ఇచ్చినప్పుడు అది సౌష్ఠవాన్ని గుర్తించక 54 కంపనాలనూ విడివిడిగా చూపిస్తుంది. ఎనిమిదే రావాలని చేత్తో లెక్కవేసినవాడికి తప్పెక్కడుందో వెంటనే తెలుస్తుంది. అందుకే వర్ణపటాలు బోధించే ప్రతి తరగతిలోనూ మొదటి వారం కంప్యూటర్లు కట్టేసి ఇరవై పరమాణువుల చతుర్ముఖిని బోర్డు మీద వెయ్యాలని నా గట్టి కోరిక. విశాఖలో అయితే తప్పకుండా వెయ్యాలి.

వచ్చే సంచికలో 1941 జూన్ 21కి వెళదాం. ఆ రోజు బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖలో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘జలఉష’ నీటిలోకి దిగడానికి దాదాపు ఏడేళ్లు ఎందుకు పట్టిందో చూద్దాం.

(సశేషం)